బోర్డుంది, లోపల మనిషి ఎప్పుడుంటారు?: తిరుపతి, చిత్తూరు జిల్లాల అధికారులకు, స్వచ్ఛంద సంస్థలకు బహిరంగ లేఖ

రెండు జిల్లాల వైద్య ఆరోగ్య, మహిళా శిశు సంక్షేమ శాఖల అధికారులకు,
ఉచితంగానో తక్కువ ఫీజుతోనో కౌన్సెలింగ్ కేంద్రాలు నడుపుతున్న స్వచ్ఛంద సంస్థల బాధ్యులకు,
వాటికి నిధులిచ్చే కంపెనీలకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. మీ దగ్గర డబ్బూ మనుషులూ తక్కువేనని తెలిసే రాస్తున్నాం. డబ్బులేనివాళ్ళకు కౌన్సెలింగ్ ఎక్కడ, ఎప్పుడు దొరుకుతుందో చెప్పమని ఒక కార్యాలయంలో ఇచ్చిన అర్జీకి “సంబంధిత విభాగానికి పంపడమైనది” అని మెసేజ్ వచ్చింది. కొన్నాళ్ళకు అర్జీ పరిష్కారమైందని ఇంకో మెసేజ్ వచ్చింది. ఈ రెండింటి మధ్య ఒక్కరూ ఫోన్ చేసి ఏంటని అడిగింది లేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాయాల్సి వచ్చింది.

మేం కొత్త ఆసుపత్రి అడగలేదు. చేతిలో డబ్బు లేని మనిషికి మనసు బాగలేకపోతే ఏ ఊళ్ళో, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరి దగ్గరికి పోతే కూర్చోబెట్టి మాట్లాడతారో ఒక కాగితం మీద రాసి, నలుగురూ తిరిగే చోట అంటించమన్నాం. అంతే.

జబ్బు ముదిరితే ఎక్కడికి పోవాలో ఈ ప్రాంతంలో జనానికి తెలుసు. తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉంది. సరిహద్దు దాటితే వేలూరు సీఎంసీ, రైలెక్కితే బెంగళూరు నిమ్హాన్స్. దారి దొరకనిది మధ్యలో ఉన్నవాళ్ళకు. నెలల తరబడి నిద్ర పట్టని రైతుకు, హాస్టల్ బాత్‌రూంలో గడియ వేసుకుని ఏడ్చే పిల్లకు, కాన్పయ్యాక బిడ్డను ముట్టబుద్ధి కాని తల్లికి. వీళ్ళకు కావలసింది వారానికోసారి ముప్పావుగంట వినే మనిషి. బయట ఆ ముప్పావుగంటకు 800 రూపాయలు అనుకుందాం. దిగులు, ఆందోళన లాంటివాటికి 6 నుంచి 8 సిట్టింగులు పడతాయి. ఎనిమిదింటికి 6,400. ఉపాధి హామీ కూలి 2025-26లో రోజుకు 307 రూపాయలు, అంటే 21 రోజుల కూలి. వచ్చిన ప్రతిసారీ పోయే పనిరోజు కూడా కలిపితే నెల సంపాదన. ఆ నెల సంపాదన పెట్టలేనివాళ్ళకు స్వచ్ఛంద సంస్థే దిక్కు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వం నడిపే, ప్రభుత్వ నిధులతో నడిచే చోట మానసిక వైద్యం పొందడం అందరి హక్కని దాని 18వ సెక్షన్ చెబుతోంది. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు, కార్డు చేతిలో లేకపోయినా సరే, అక్కడ పైసా తీసుకోకూడదు. చట్టం గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు, మీకు తెలిసిందే. అది గుమ్మం దగ్గర ఎలా ఆగిపోతోందో చెబుతాం.

1. బోర్డు మీది మాట.
తెలుగులో కౌన్సెలింగ్ అంటే జనానికి తెలిసిన అర్థాలు రెండు. ఇంజినీరింగ్ సీటుకు జరిగేది ఒకటి, పోలీస్ స్టేషన్‌కు పిలిచి గదమాయించి పంపేది రెండోది. “ఆలుమగలకు కౌన్సెలింగ్ ఇచ్చి పంపాం” అని పేపర్లో చదివిన మనిషి “ఉచిత కౌన్సెలింగ్ కేంద్రం” బోర్డు చూసి లోపలికి ఎందుకొస్తాడు? మన వైపు ఎవరూ డిప్రెషన్ వచ్చిందని చెప్పరు. కరపత్రాల్లో రాసే “నిస్పృహ” అనే మాట అసలే వాడరు. “ఊరికే యోచన చేస్తా ఉంటాది”, “రాత్రిళ్ళు కన్ను మూతపడేది లేదు”, “గుండె దడ అని పోతే ఈసీజీ తీసి ఏమీ లేదన్నారు” అంటారు. ఆ మాటలే బోర్డు మీద రాయించండి.

దిగులు ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నల కాగితానికీ ఇదే వర్తిస్తుంది. 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. స్కోరు 10 గానీ అంతకు మించి గానీ ఉంటే వదలకూడదు. కాగితం చేతికిచ్చి టిక్కులు పెట్టమంటే పక్కవాళ్ళను చూసి అన్నీ సున్నాలే పెడతారు. చదివి వినిపించి, వాళ్ళ మాటల్లో అడగాలి. చావు ఆలోచన గురించిన 9వ ప్రశ్నను “అడిగితే బాగుండదు” అని దాటేసేవాళ్ళున్నారు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. మొత్తం ఎంత తక్కువ వచ్చినా 9వ ప్రశ్నకు 1 పడిందంటే ఆ రోజే, ఆ గదిలోనే దాని గురించి మాట్లాడాలి. ఇంకోటి, ఈ ప్రశ్నలు తెలుగులోనే ఉంటే చాలదు. కుప్పం వైపు తమిళం, కన్నడం, నగరి, సత్యవేడు వైపు తమిళం, రెండు జిల్లాల పట్టణాల్లోనూ ఉర్దూ మాట్లాడే ఇళ్ళు ఉన్నాయి.

2. వేళలు.
పది నుంచి నాలుగు, ఆదివారం సెలవు. శ్రీసిటీలో, రేణిగుంట వైపు ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్ళు ఆ వేళకు రాలేరు. లాడ్జీల్లో దుప్పట్లు మార్చే ఆడవాళ్ళూ రాలేరు. తోతాపురి మామిడి కాపులో పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరు పెట్టుకుని రోజుల తరబడి క్యూలో ఉన్న రైతు అసలే రాలేడు, ఆ నెలల్లో అతనికే అవసరం ఎక్కువ. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు కాబట్టి ఛార్జీ వాళ్ళకు అడ్డు కాదు, వేళే అడ్డు. మగవాళ్ళకు రెండూ అడ్డే.

3. గది.
ఒక హాలు, మధ్యలో ఇనుప బీరువా అడ్డం. ఇటు కౌన్సెలర్ బల్ల, అటు జిరాక్స్ మిషను, దాని పక్కన ఎదురుచూసేవాళ్ళ కుర్చీలు. ప్లైవుడ్ గోడ ఉన్నచోట కూడా అది పైకప్పు దాకా పోదు, లోపల ముక్కు చీదితే బయటికి వినబడుతుంది. బల్ల మీద రిజిస్టరు తెరిచే ఉంటుంది. పేరు, ఊరు, ఫోన్, సమస్య. నాలుగో గడిలో నీలం ఇంకుతో “భర్త అనుమానం”, “తాగుడు”, “చనిపోవాలని”. తర్వాత సంతకానికి వంగిన మనిషి పై వరుసలన్నీ చదివేస్తారు. పల్లెటూరైతే ఊరి పేరుంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది. గోప్యత ఆ మానసిక ఆరోగ్య చట్టం 23వ సెక్షన్ ఇచ్చిన హక్కు.

దీన్ని సరిచేయడానికి లక్షలు అక్కర్లేదు. బల్ల మీది రిజిస్టర్లో నంబరు మాత్రమే ఉండాలి. ఆ నంబరు ఎవరిదో రాసిన పుస్తకం తాళం వేసిన డ్రాయర్లో వేరేగా ఉండాలి. తలుపు బయట ఒక పాత టేబుల్ ఫ్యాన్ తిరుగుతుంటే ఆ చప్పుడుకు లోపలి మాట బయటికి వినబడదు. ఎదురుచూసేవాళ్ళ కుర్చీలు తలుపుకు కనీసం పది అడుగుల అవతల వేయాలి. లోపలి రెండు కుర్చీలూ బల్లకు అటొకటి ఇటొకటి కాకుండా, ఒకే వైపు కాస్త ఏటవాలుగా వేస్తే అర్జీ పెట్టుకున్నట్టు ఉండదు.

4. ఫోన్.
మళ్ళీ రావాల్సిన వాయిదా గుర్తుచేద్దామని మంచి మనసుతోనే చేస్తారు. కోడలి నంబరని రాసుకున్నది ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోన్. అత్త ఎత్తుతుంది. “కౌన్సెలింగ్ సెంటర్ నుంచమ్మా” అంటారు ఇటునుంచి. ఆ పిల్ల మళ్ళీ రాదు, ఇంట్లో పడే మాటలు అదనం. మొదటి రోజే మూడు సంగతులు అడిగి రాసుకోవాలి. ఏ నంబరుకు చేయాలి, ఏ వేళలో చేయాలి, వేరేవాళ్ళు ఎత్తితే ఎవరమని చెప్పాలి.

5. లెక్క.
ఈ లేఖలో ఏదైనా ఒక్కటే చదువుతామంటే ఇది చదవండి. శ్రద్ధగా వినే కౌన్సెలర్ రోజుకు 5 సిట్టింగులు చేయగలరు. 50 నిమిషాలు మాట, 10 నిమిషాలు రాసుకోవడం. ఆరోదానికి చెవులు వింటాయి, మనసు వినదు. వారానికి రెండు రోజులు కూర్చుంటే 10 సిట్టింగులు. పండగలూ సెలవులూ పోను 48 వారాలకు 480. మనిషికి సగటున 7 వేసుకుంటే ఏడాదికి 68 మంది. ఒక్కరూ వాయిదా ఎగ్గొట్టకపోతేనే ఆ మాట. 50 మంది పూర్తిచేస్తే ఆ కేంద్రం బాగా నడిచినట్టే.

మరి ఒక్క కౌన్సెలర్ ఉన్న సంస్థ వార్షిక నివేదికలోకి “వేలమందికి కౌన్సెలింగ్” ఎలా వస్తోంది? కాలేజీ ఆడిటోరియంలో 400 మంది పిల్లలకు గంటసేపు ప్రసంగం. సంతకాల షీటు, గ్రూప్ ఫొటో. ఆ 400 పోయి కౌన్సెలింగ్ గడిలో పడుతుంది. ప్రసంగం మంచిదే, దాన్ని అవగాహన కింద రాసుకోవచ్చు. కౌన్సెలింగ్ కింద రాస్తే జరిగే నష్టం వేరు. ఒక మనిషితో 8 వారాలు కూర్చున్న సంస్థకు ఆ గడిలో 1 అని ఉంటుంది, మైకు పట్టుకున్న సంస్థకు 400 అని ఉంటుంది. వచ్చే ఏడాది నిధులు ఎటు పోతాయో మీకే తెలుసు. అలా రెండు మూడేళ్ళు గడిచేసరికి కూర్చునేవాళ్ళు తగ్గి, మాట్లాడేవాళ్ళే మిగులుతారు.

2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదని తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. మన జిల్లాల సంగతి మన రిజిస్టర్లే చెప్పాలి, వాటిలో 400కూ 1కీ తేడా లేకపోతే అవీ చెప్పవు.

6. మార్చి 31.
ఏడాది ప్రాజెక్టు, మార్చి నెలాఖరుతో కౌన్సెలర్ జీతం ఆగిపోతుంది. ఏప్రిల్ మొదటివారంలో నాలుగో సిట్టింగుకు వచ్చిన మనిషికి తాళం కనబడుతుంది. మూడు వారాలు పట్టి, ఎవరికీ చెప్పని మాట చెప్పుకున్నాక కనబడే తాళం అది. ఆ తర్వాత ఇంకే తలుపూ తట్టరు.

7. కుర్చీలో ఎవరు?
మందులు రాయాల్సింది సైకియాట్రిస్టు. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఇక “కౌన్సెలర్” అన్న పేరు వారం రోజుల సర్టిఫికెట్ కోర్సు చేసినవాళ్ళూ పెట్టుకుంటున్నారు. అలాగని పెద్ద డిగ్రీ లేనివాళ్ళు పనికిరారని మేం అనం. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేని మామూలు మనుషులు శిక్షణ తీసుకుని 6 నుంచి 8 సిట్టింగుల్లో దిగులు తగ్గించగలిగారని 2017లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. మన పశ్చిమ గోదావరిలోనే ఆశా కార్యకర్తల చేత దిగులుతో ఉన్నవాళ్ళను గుర్తించే పని జరిగింది. గోవాలో ఆ మామూలు మనుషుల వెనక వారం వారం కేసులు చూసి తప్పులు దిద్దే మనిషి ఉన్నారు. ఇక్కడ పీజీ విద్యార్థిని ఇంటర్న్‌షిప్ పేరుతో ఒంటరిగా కూర్చోబెడతారు, పరీక్షలు రాగానే ఆ పిల్ల వెళ్ళిపోతుంది.

పర్యవేక్షణ లేకపోతే ప్రాణాల మీదికి వచ్చే చోటు ఒకటుంది, అది తాగుడు. ఏళ్ళ తరబడి పొద్దున లేవగానే తాగే మనిషిని కూర్చోబెట్టి “ఇక ముట్టనని స్వామి మీద ఒట్టెయ్” అంటారు. తిరుపతి వైపు ఆ ఒట్టుకు బరువెక్కువ. అతను నిజంగానే మానేస్తాడు. మొదటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల ఉన్నట్టుండి మతి తప్పి లేనివి కనబడతాయి. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనుకుని తాయెత్తుకు పరిగెడతారు. ఆసుపత్రికి చేరకపోతే ప్రాణం పోయే స్థితి అది. రోజూ తాగేవాళ్ళకు ఒట్టు కంటే ముందు డాక్టరు. ఈ ఒక్క వాక్యం ప్రతి కేంద్రంలో గోడ మీద ఉండాలి.

8. చావు దాకా పోయి బతికినవాళ్ళు.
2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ప్రయత్నించి బతికినవాళ్ళు అంతకు చాలా రెట్లు. వాళ్ళు క్యాజువాలిటీకి వస్తారు, ఒళ్ళు కుదుటపడగానే ఇంటికి పోతారు. డిశ్చార్జి కాగితం మీద మాత్రల పేర్లుంటాయి, మాట్లాడే మనిషి పేరుండదు. కేసవుతుందన్న భయంతో కుటుంబం “పొరపాటున జరిగింది” అని చెబుతుంది. నిజానికి మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వమే సంరక్షణ ఇవ్వాలి. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీలోని 309వ సెక్షన్ 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేనే లేదు. వార్డులో ఈ ముక్క చెప్పేవాళ్ళు లేరు.

చేయాల్సింది తెలియక ఆగిన పని కాదిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో పరీక్షించిన పద్ధతి ఉంది, అందులో ఒక కేంద్రం మన పక్కనున్న చెన్నై. డిశ్చార్జికి ముందు ఒక గంట మాట్లాడతారు. తర్వాత 1, 2, 4, 7, 11 వారాలకు, ఆపైన 4, 6, 12, 18 నెలలకు ఫోనో పరామర్శో, మొత్తం తొమ్మిదిసార్లు. అంతే. ఇలా పలకరింపు అందినవాళ్ళలో ఆత్మహత్య మరణాలు బాగా తగ్గినట్టు 2008లో ప్రచురించారు. ఆసుపత్రి ఆ గంట ఇచ్చి, స్వచ్ఛంద సంస్థ ఆ తొమ్మిది పలకరింపులూ తీసుకుంటే రెండు జిల్లాల్లోనూ చేయదగ్గ పనే. పలకరించేవాళ్ళు ఇంట్లో ప్రమాదకరమైనవి ఎక్కడున్నాయో, ఎవరి చేతిలో తాళం ఉందో కూడా కుటుంబాన్ని అడగాలి.

9. ఫీజు.
ఆదాయ ధ్రువపత్రం తెమ్మంటే సచివాలయానికి తిరగడం, ఎందుకని అడిగినవాళ్ళకు జవాబు చెప్పడం. రైస్ కార్డు చూపితే చాలు, అదీ లేకపోతే నోటిమాట చాలు. తక్కువ ఫీజు తీసుకునేవాళ్ళు ఎంతో గోడ మీద రాయండి. “విరాళం మీ ఇష్టం” అని డబ్బా ముందు పెడితే, ఏమీ వేయలేని మనిషి రెండోసారి రావడానికి సిగ్గుపడతారు.

ఈ లేఖ చదువుతున్న వాళ్ళలో ఎవరికైనా ఇప్పుడే అవసరముంటే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, టెలిమానస్ ఇది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే పైన డాక్టరుకు కలుపుతారు. ఇంట్లో హింస ఉన్న ఆడవాళ్ళకు 181, మత్తు మానడానికి 14446. ఏ సంస్థకు పోయినా ముందు ఫోన్లో ఇవి అడగండి: కూర్చునేది ఎవరు, ఏం చదివారు, వచ్చే రెండు నెలలూ వాళ్ళే ఉంటారా, మొత్తం ఎంతవుతుంది, తలుపున్న గదేనా. మొదటి రోజే వేల రూపాయల టెస్టులు రాస్తే ఎందుకో చెప్పమని అడిగే హక్కు మీకుంది.

ఇక మేం కోరేది.

1. రెండు జిల్లాలకూ చెరో ఒక పేజీ పట్టిక. ఊరు, దగ్గరి బస్టాపు, రోజు, వేళ, కౌన్సెలర్ ఆడా మగా, ఏయే భాషలు, ఫీజు, ఫోన్. అడుగున ఏ తేదీన సరిచూశారో రాయాలి. నెలకోసారి ఆ నంబర్లన్నిటికీ ఫోన్ చేసి ఎత్తనివాటిని తీసేయాలి. సచివాలయాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, చౌకదుకాణాలు, మందుల షాపులు, హాస్టళ్ళలో అంటించాలి. ఆర్టీసీ బస్టాండ్లలో ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపు లోపలివైపు తప్పకుండా. ఎవరూ చూడకుండా నంబరు రాసుకోగలిగే చోటు అదొక్కటే.

2. వారంలో ఒక సాయంత్రం 5 నుంచి 8 దాకా, నెలలో రెండు ఆదివారాలు. ఈ వేళలు పెట్టిన సంస్థకు సచివాలయంలోనో ఆరోగ్య కేంద్రంలోనో తలుపున్న గది అద్దె లేకుండా ఇవ్వండి.

3. నివేదికల్లో అవగాహన, కౌన్సెలింగ్ వేర్వేరు గడులు. కౌన్సెలింగ్ కింద నాలుగే అంకెలు: మొదటిసారి వచ్చినవాళ్ళు, నాలుగో సిట్టింగు దాకా నిలిచినవాళ్ళు, పూర్తిచేసినవాళ్ళు, డాక్టరు దగ్గరికి పంపితే నిజంగా చేరినవాళ్ళు.

4. శ్రీసిటీ, రేణిగుంట కంపెనీలకు: కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద సామాజిక బాధ్యతగా మీ లాభాల్లోంచి ఖర్చుపెట్టే 2 శాతంలో కౌన్సెలర్ జీతానికి ఏడాదికి బదులు మూడేళ్ళ ఒప్పందం రాయండి. నిధులు ఆగేట్టుంటే మూడు నెలల ముందు చెప్పండి. అప్పుడు సంస్థ కొత్తవాళ్ళను ఆపి, ఉన్నవాళ్ళను పూర్తిచేసి, మిగిలినవాళ్ళను చేయిపట్టుకుని ఇంకోచోట అప్పగించగలుగుతుంది.

5. ప్రతి కేంద్రంలో కూర్చునేవాళ్ళ చదువు, రిజిస్ట్రేషన్ నంబరు, పర్యవేక్షించేది ఎవరన్నది బయట కనబడాలి. ప్రభుత్వ ఆసుపత్రుల సైకియాట్రిస్టులు నెలకు రెండు గంటలు ఈ వలంటీర్ల కేసులు చూసేలా ఉత్తర్వు ఇవ్వాలి.

6. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన ప్రతి ఒక్కరి డిశ్చార్జి కాగితం మీద 14416, దగ్గరి కేంద్రం పేరు, మొదటి వాయిదా తేదీ ముద్రవేసి ఇవ్వాలి. వాళ్ళు ఒప్పుకుంటేనే నంబరు సంస్థకు పంపాలి.

అక్టోబర్ 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం పేరుతో బ్యానర్లు కడతారు, 11న విప్పేస్తారు. ఈసారి ఆ తేదీకి మొదటి కోరిక, ఆ ఒక్క పేజీ, గోడల మీద ఉండాలి. లేకపోతే సమాచార హక్కు చట్టం కింద రెండు జిల్లాల్లోనూ మూడు ప్రశ్నలతో దరఖాస్తులు వేస్తాం: గత మూడేళ్ళలో కౌన్సెలింగ్ పేరుతో ఏ సంస్థకు ఎంత ఇచ్చారు, ఎన్ని సిట్టింగులు పూర్తయ్యాయి, ఆ కేంద్రాలు ఏ రోజుల్లో తెరిచి ఉన్నాయి. 30 రోజుల్లో వచ్చిన జవాబులను, రానివాటిని కూడా, ఇలాగే బహిరంగంగా పెడతాం.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కౌన్సెలింగ్ పనిలో ఉన్న సామాజిక కార్యకర్తలు, వలంటీర్లు